ఐదు చెరువుల ఎడం

కాటమయ్య పండ్ల వ్యాపారంలోకి దిగి ముప్పై ఒక్క ఏళ్లు. అన్ని ఏళ్లలో ఆయన గట్టిగా నేర్చుకున్నవి రెండే. చెట్టు మీదున్న సీతాఫలాన్ని చూసి అది ఎన్ని రోజులకు మెత్తబడుతుందో చెప్పడం ఒకటి. ఎర్రగుట్టల మీద వాన పడితే ఆ నీళ్లు ఎన్ని గంటలకు తన షెడ్డు దగ్గరి వంతెన మీదికి వస్తాయో చెప్పడం రెండోది. మొదటిదాని మీద ఆయన ఇల్లు నడిచింది. రెండోదాని మీద పదకొండు తండాలు వాగు దాటాయి.

ఆ వాగును గుట్టలవాగు అంటారు. ఎర్రగుట్టల నెత్తి మీద ఎడ్లబండి మలుపుకునేంత చదును ఉంది. దానికి అటు పడిన చినుకు గోదావరి దారి పడుతుంది, ఇటు పడిన చినుకు కృష్ణ దారి పడుతుంది. ఇటు పడిందే గుట్టలవాగు. రాళ్ల సందుల్లోంచి, మోదుగు చెట్ల కింది నుంచి దిగి మొదట నల్లచెరువులో పడుతుంది. నల్లచెరువు నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు మీంచి పొర్లితే, ఆ నీళ్లు తుమ్మలకుంటకు, అది నిండితే ఊరచెరువుకు, తర్వాత కొత్తకుంటకు, చివరికి పెద్దచెరువుకు. ఐదు చెరువులూ కడుపునిండా తాగి వదిలిన నీళ్లే కింద ఇసుకలో వాగై పారేవి. పాలకుర్తి నుంచి కొడకండ్ల వైపు పోయే అడ్డదారిలో ఆ వాగు మీద ఒక వంతెన ఉంది. రోడ్డు ఎంత ఎత్తో వంతెన అంతే ఎత్తు. వాగు పొంగితే అక్కడ వంతెన ఉన్న సంగతి తెలిసినవాళ్లకే తెలుస్తుంది. అక్కడి నుంచి వాగు మహబూబాబాద్ జిల్లాలోకి పోయి ఆకేరులో కలుస్తుంది. ఆకేరు మున్నేరులో, మున్నేరు కృష్ణలో, కృష్ణ సముద్రంలో.

ఒకసారి పండ్ల లోడుతో విజయవాడ పోయినప్పుడు, అక్కడి వ్యాపారులు కాటమయ్య యాసను వెక్కిరించి నవ్వారు. ఆయన కృష్ణ వైపు చెయ్యి చూపించి, "నవ్వుకోండ్రి. మా గుట్టల మీద మేం కాళ్లు కడుక్కున్న నీళ్లే మీరు తాగేటియి" అన్నాడు. దాంతో వాళ్లు ఇంకా నవ్వి, చాయ్ తాగించి, సరుకు మంచి ధరకే తీసుకున్నారు.

వాగు లెక్క ఆయన సొంతంగా కట్టింది. గుట్ట నుంచి నల్లచెరువుకు ముప్పావు గంట. పెద్దచెరువు మత్తడి నుంచి వంతెనకు గంటన్నర. మధ్యలో చెరువుల దాహాన్ని బట్టి. ఎండిన ఏడాది మొత్తం తొమ్మిది గంటలు. చెరువులు నిండి ఉంటే మూడుంబావు. సీతాఫలాల కాలంలో ఇది ప్రాణంతో సమానమైన లెక్క. పండు కండ్లు విచ్చాక చెట్టు మీద ఉంచలేరు, కోశాక ఇంట్లో ఉంచలేరు. తండాలవాళ్లు పొద్దంతా గుట్టల్లో కోసి, సాయంత్రానికి వాగు దాటి కాటమయ్య షెడ్డుకు తెచ్చేవాళ్లు. ఐదింటికి వ్యాను హైదరాబాద్ బయలుదేరేది. గుట్ట మీద మబ్బు కనిపిస్తే ఎవరైనా సరే ముందు ఆయనకే ఫోన్ చేసేవాళ్లు. "సేటూ, దాటొచ్చునా?" ఆయన దాటమంటే దాటేవాళ్లు, ఆగమంటే ఆగేవాళ్లు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు.

తప్పింది ఈ ఏడాది, బతుకమ్మ పండుగకు ముందు బుధవారం నాడు.

*

ఈ ఏడాది శ్రావణం ఎండింది, భాద్రపదం ఎండింది. బుధవారం మధ్యాహ్నం ఒంటి గంటకు ఎర్రగుట్టల మీద వాన విరుచుకు పడిందని ఫోన్లు వచ్చినప్పుడు కాటమయ్య మనసులో తొమ్మిది అంకె తప్ప ఇంకోటి రాలేదు. ఎండిన ఏడాది. తొమ్మిది గంటలు. రాత్రి పదింటిదాకా వంతెన మీదికి నీళ్లు రావు.

మూడున్నరకు దేవ్యా ఫోన్ చేశాడు. దేవ్యాది గుట్ట కింది తండా. పదేళ్లుగా కాటమయ్యకు పండ్లు పోస్తున్నవాడు, మాట తక్కువ మనిషి. పెళ్లాం కాళి ఆ రోజు కూలికి దేవరుప్పుల పోయింది. ఒక్కడే కోసి నాలుగు ట్రేలు నింపి మోపెడ్ మీద కట్టుకున్నాడు.

"సేటూ, పైన మస్తు కొట్టింది. రావాల్నా, వద్దా?"

"రా. చెరువులన్ని నోళ్లు తెర్సుకుని ఉన్నయ్. రాత్రి పదింటిదాకా చుక్క రాదు."

నాలుగుంబావుకు ఐదు నిమిషాలు ఉందనగా మళ్లీ ఫోన్. అప్పుడు కాటమయ్య వ్యాను దగ్గర నిలబడి ఉన్నాడు. డ్రైవర్ నగేశ్ ట్రేలు సర్దుతున్నాడు.

"ఒడ్డుకొచ్చిన సేటూ. వంతెన మీద నీళ్లు చీలమండల్లోతుకు ఉన్నయ్. గని ఎర్రగున్నయ్."

కొత్త నీళ్లు ఎర్రగా వస్తాయి. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాటమయ్య వ్యాను వైపు చూశాడు. అది బయలుదేరడానికి ఇంకా యాభై నిమిషాలు. పండ్లు ఈ రోజు పోకపోతే రేపటికి గుజ్జు.

"గది గుట్ట నీళ్లు కాదురా. పక్కపొంటి దుక్కులల్ల పారిన నీళ్లు. నేన్ చెప్తున్న గద, దిగు."

"సరే సేటూ."

ఫోన్ పెట్టేశాక నగేశ్ ఎగతాళిగా, "ఏం సేటూ, వాగు నీ కోడలా, నీ మాటిననీకి?" అన్నాడు. కాటమయ్య కూడా నవ్వాడు.

పావుగంట గడిచినా దేవ్యా రాలేదు. కాటమయ్య రోడ్డు మీదికి వచ్చి చూసేసరికి వంతెన లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఎర్రటి నీళ్లు, తుమ్మకొమ్మలు మోసుకుంటూ, ఏ తొందరా లేనట్టు పోతున్నాయి.

అక్కడ నిలబడ్డప్పుడు గుర్తుకు వచ్చింది. పండుగకు ఆడవాళ్లు బతుకమ్మలు వదలడానికి నీళ్లుండాలని, పది రోజుల కింద కాలువ తెరిచారు. భూపాలపల్లి అవతలి నుంచి గోదావరి నీళ్లను పైపుల్లో ఎక్కించి, మెట్టలు దాటించి, ఐదు చెరువుల్నీ అంచులదాకా నింపారు. వాన లేకుండానే చెరువులు నిండాయి. పెద్దచెరువు కట్ట మీద నిలబడి ఆ నీళ్లను చూసి సంబరపడ్డవాళ్లలో తనూ ఉన్నాడు. ఫోన్లో ఫోటో కూడా తీసుకున్నాడు. చెరువులు నిండినాయన్నది ఒక జేబులో పెట్టుకున్నాడు, ఎండిన ఏడాది అన్నది ఇంకో జేబులో పెట్టుకున్నాడు. రెండూ కలిపి చూడలేదు.

నిండి ఉంటే మూడుంబావు. ఒంటి గంటకు మూడుంబావు కలిపితే నాలుగుంబావు. నీళ్లు ఒక్క నిమిషం కూడా తప్పలేదు.

*

పండ్లు తెస్తున్న దేవ్యా చేరలేదన్న కబురుతో పోలీసులు ఏడింటికి వచ్చారు. అప్పటికి వాగు రెండు నిలువుల లోతున పోతోంది. ఎస్సై అడిగాడు, "ఆఖర్న ఎప్పుడు మాట్లాడినవ్?"

"సాయంత్రం సారూ" అన్నాడు కాటమయ్య.

సాయంత్రం అంటే నాలుగైనా సాయంత్రమే, ఆరైనా సాయంత్రమే. అబద్ధం కాదు. ఎస్సై రాసుకున్నాడు. పక్కనున్న వాళ్లలో ఒకడు, అవతలి ఒడ్డున బెల్టు షాపు ఉందని, దేవ్యా రోజూ పొద్దు గూకేవేళ అక్కడ ఆగుతాడని చెప్పాడు. ఇంకొకడు ఈ రోజూ ఆగే ఉంటాడన్నాడు. మూడోవాడికి చేరేసరికి ఆగాడని ఖాయమైంది. దేవ్యా తాగాడు, పొద్దు గూకినంక నిండు వాగులోకి బండి పోనిచ్చాడు. గంటలో ఆ కథకు కాళ్లూ చేతులూ వచ్చాయి. కాటమయ్య వింటూ నిలబడ్డాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

గురువారం పడవ వచ్చింది, ఈతగాళ్లు వచ్చారు. వంతెన నుంచి నాలుగు కిలోమీటర్ల కింద తుమ్మల్లో ఒక నీలం ట్రే దొరికింది. దాని మీద తెల్ల రంగుతో కాటమయ్య పేరు. పదకొండో కిలోమీటరు దగ్గర చెక్‌డ్యాంకు ఇంకోటి. శుక్రవారం ఆకేరు కలిసే చోట, ఇరవై మూడు కిలోమీటర్ల అవతల, మూడోది. ట్రేలు ఎటు పోతే వెతికేవాళ్లు అటు పోయారు. నిండు వాగులో కొట్టుకుపోయిన మనిషి అంత దూరం పోవడంలో వింతేముంది? శుక్రవారం సాయంత్రానికి వంతెన దగ్గర ఎవరూ మిగల్లేదు, కాళి తప్ప.

ఆమె మూడు రోజులుగా వంతెన చివర రాయి మీద కూర్చుంది. దేవ్యా తమ్ముడు గోపాల్ భూపాలపల్లిలో బొగ్గుగనిలో పని చేస్తాడు. డ్యూటీ దిగీ దిగగానే మోటారు సైకిల్ మీద వచ్చి, అప్పటి నుంచి ఈతగాళ్ల వెంట తిరుగుతున్నాడు. కాటమయ్య ఇద్దరికీ అన్నం పంపాడు, చాయ్ పంపాడు, ఈతగాళ్ల పడవకు డీజిల్ పోయించాడు. ఊళ్లోవాళ్లు సేటుది మంచి మనసన్నారు. ఆ మాట వినపడగానే ఆయన షెడ్డులోకి తప్పుకునేవాడు.

శుక్రవారం రాత్రి షెడ్డు మూసేటప్పుడు నగేశ్ అన్నాడు, "నేనెవ్వరికి చెప్పలే సేటూ. నువ్వే చెప్తవనుకున్న."

"ఏం చెప్పాలెరా?"

"నాకెందుకడుగుతున్నవ్? నేను ట్రేలు సర్దెటోన్ని" అని నగేశ్ తాళంచెవులు ఆయన చేతిలో పెట్టి పోయాడు.

కాటమయ్య ఇంటికి పోయి లెక్క వేశాడు. చెప్తే ఏమవుతుంది? దేవ్యా తిరిగిరాడు. పదకొండు తండాలు ఇక ఆయన్ను అడగవు. అడగకపోతే ఆయన చెప్పేవరకు ఆగవు. ఆయన షెడ్డుకూ రావు. చెప్పకపోతే ఏమవుతుంది? దేవ్యా తాగుబోతై పోతాడు, అంతే. పోయినవాడికి పేరుతో పనేముంది? ఇలా కూడితే ఒకవైపే తూగింది. కానీ రాయి మీద కూర్చున్న మనిషిని ఏ వైపు వెయ్యాలో తెలియక, ఆ లెక్క తెల్లారేదాకా తెమల్లేదు.

*

శనివారం పొద్దున గోపాల్ ఒక ముసలామెను బండి మీద తీసుకొచ్చాడు. అండాలు. ఆకేరు ఒడ్డు ఊరు, చేపలు పట్టే ఇల్లు. డెబ్బై దాటిన మనిషి. వాగుల్లో పోయినవాళ్లను పదిమంది దాకా తీయించిందని గోపాల్‌కు ఎవరో చెప్పారట. చీర కొంగు నడుముకు దోపి, నీళ్లు సగం తగ్గిన వాగును చాలాసేపు చూసింది. ఎస్సై, ఈతగాళ్లు, తండా నాయక్, ఓ యాభై మంది జనం చుట్టూ మూగారు.

"ట్రేలు దొరికినయ్ అవ్వా, ఆకేరుదాకా పోయినయ్" అన్నాడు ఈతగాళ్ల పెద్ద.

"ట్రే పోతది కొడుకా. పైన తేలెటిది పైననే పోతది. మనిషి ముందుగాల మునుగుతడు. మునిగినోడు అడుగున నడుస్తడు. అడుగు తొవ్వ వేరే." ఆమె కింది వైపు చెయ్యి చూపించింది. "గా గుంతలేంది?"

వంతెన దిగువన వాగులో మూడు పెద్ద గుంతలున్నాయి. ఇసుక తోడినవాళ్లు తవ్వి వదిలేసినవి. ఇప్పుడు వాటి మీద నీళ్లు నున్నగా కదులుతున్నాయి.

"ఇసుక గుంతలు. గురువారమే పైపైన జూసినం, ఏం లేదు" అన్నాడు ఈతగాడు.

"పైపైన జూస్తే ఏముంటది? నీ ముఖముంటది" అంది అండాలు. జనంలో ఒకరిద్దరు నవ్వబోయి కాళిని చూసి ఆపుకున్నారు. "సరే, నాకొక్కటి చెప్పుండ్రి. నీళ్లు ఎట్లున్నప్పుడు దిగిండు? తొలి నీళ్లల్లనా, నిండు నీళ్లల్లనా?"

"దానికి దీనికి ఏం ఫరకు?" అన్నాడు ఎస్సై.

"తొలి నీళ్లు వాగు అడుగు వట్టుకుని వస్తయ్ సారూ. ఏడ గుంతుంటే ఆడ దుంకి, సుడి తిరిగి, నింపి గప్పుడు ముందల్కి పోతయ్. దాంట్ల వడ్డ మనిషి గుంత దాటడు. మీదికెల్లి ఇసుక గప్పుతది. నిండు నీళ్లైతే గుంతలు నిండే ఉంటయ్, మీదికెల్లి మనిషిని ఎత్తుకవోతయ్. గట్లైతే ఈడ దేవులాడుడు దండుగ."

"నిండు నీళ్లల్లనే" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. "పొద్దు గూకినంక. తాగి ఉండె."

అండాలు తల ఊపింది. "అట్లైతే ఆకేరు దాటి ఉంటడు. మున్నేరుల వడితే కృష్ణ. కృష్ణల వడితే ఇగ సముద్రమే. నేనేం జేయలేను బిడ్డా." ఆ చివరి మాట కాళి వైపు తిరిగి అంది.

గోపాల్ వదిన పక్కన కూర్చుని తమ భాషలో మెల్లగా ఏదో చెప్పాడు. తండా నాయక్ కూడా వంగి చెప్పాడు. తర్వాత నాయక్ ఎస్సైతో తెలుగులో అన్నాడు, "ఇగ చాలిస్తం సారూ. గడ్డి బొమ్మ జేసి, దానికే అగ్గి వెడ్తం."

కాళి లేచింది. గోపాల్ రెక్క పట్టుకున్నాడు. ఆమె రెండు అడుగులు వేసింది. మూడో అడుగు వేస్తే వంతెన దాటుతుంది, జనం విడిపోతారు, పడవ వ్యాను ఎక్కుతుంది.

"పొద్దు గూకినంక కాదు" అన్నాడు కాటమయ్య.

ఎవరికీ వినపడలేదు. ఆయన గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. "పొద్దు గూకినంక కాదు. నాలుగుంబావుకు."

ఎస్సై తిరిగి చూశాడు. "నీకెట్ల తెల్సు?"

"నేనే దిగుమన్న. గీ ఒడ్డుకెల్లి. ఫోన్ల." కాటమయ్య ఫోన్ తీసి ఎస్సై చేతిలో పెట్టాడు. "నాలుగు పది. గండ్లనే ఉన్నది సూడుండ్రి. నీళ్లు ఎర్రగున్నయ్ సేటూ అన్నడు. నేనే గది గుట్ట నీళ్లు కాదన్న. చీలమండల్లోతుండె. ఆయన తాగలేదు. తాగెటోడైతే నీళ్ల రంగు జూసి ఎందుకడుగుతడు?"

 దూరంగా వ్యాను దగ్గర నగేశ్ తల వంచుకుని నిలబడ్డాడు.

"నాలుగు రోజులైంది" అన్నాడు గోపాల్. అరవలేదు. బొగ్గుగనిలో పనిచేసేవాడి గొంతు సహజంగానే గట్టిది, అది కూడా ఇప్పుడు చిన్నగా వచ్చింది. "నాలుగు రోజులు నన్ను ఆకేరు పొంటి తిప్పినవ్ సేటూ. డీజిల్ వోసి తిప్పినవ్."

 అండాలు మాత్రం ఆగలేదు. ఆమెకు కావలసింది దొరికింది. "చీలమండల్లోతా? బండి మీదనా, నడుస్తనా? ఏ పక్కకెల్లి?"

"బండి మీద. ఎప్పుడైనా కింది పక్కకెల్లే వస్తడు అవ్వా. పై పక్క సిమెంటు లేచిపోయింది."

"అయితే రెండో గుంత. మొదటిది లోతు లేదు." ఆమె చెప్పులు విడిచి ఇసుకలోకి దిగింది. "తాళ్లు వట్టుండ్రి. గాలాలు కాదు, మనుషులు దిగాలె. చేతులతోని ఇసుక తియ్యాలె."

*

మధ్యాహ్నం రెండున్నరకు మోపెడ్ హ్యాండిల్ చేతికి తగిలింది. దాని కింద నాలుగో ట్రే. దేవ్యా ఇంకో రెండు గజాల అవతల, వాగు వైపు కాదు, ఒడ్డు వైపు తల పెట్టి, మెడదాకా ఇసుకలో ఉన్నాడు. వంతెన నుంచి కొలిస్తే తొంభై అడుగులు. నాలుగు రోజులు కాళి కూర్చున్న రాయి నుంచి ఇంకా దగ్గర.

కాళి ఏడవడం కాటమయ్య అప్పుడే మొదటిసారి విన్నాడు. తండా ఆడవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, సాగదీసి పాటలా ఏడ్చే ఏడుపు అది. మాటలు ఆయనకు అర్థం కావు. మధ్యమధ్యలో దేవ్యా పేరు ఒక్కటే తెలుస్తోంది.

దవాఖాన నుంచి శవం వచ్చేసరికి ఆదివారం అయింది. తండా అవతల గుట్ట వాలులో కట్టెలు పేర్చారు. కాటమయ్య పోయాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. అందరి వెనుక నిలబడ్డాడు. అంతా అయ్యాక కాళి ఆయన ఉన్న చోటికే వచ్చింది. ఆయన చేతులు జోడించాడు. ఆమె ఆ చేతుల్ని చూడలేదు.

"సేటూ, నా మొగన్ని తాగుబోతన్నప్పుడు నువ్వాడనే ఉన్నవ్."

"ఉన్న."

"విన్నవ్."

"విన్న తల్లీ."

"తాగుబోతన్న మాట అన్ని తండాలకు వోయింది. నువ్వు నిన్న వాగు కాడ చెప్పిన మాట పోతదో లేదో నాకు తెల్వది. మంచి మాటకు అంత కాళ్లుండయ్." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు వోయి చెప్పు. పదకొండు తండాలకు. ఏం జరిగిందో గది చెప్పు. ఆఖరుకు కాలువ నీళ్లతోని నిండిన చెరువుల సంగతి గూడ చెప్పు. మళ్ల వాన అంటున్నరు. ఇంకోడు దిగొద్దు."

ఆయన ఏదో అనబోయాడు. డబ్బు సంగతో, పిల్లల సంగతో. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"గదంత నాయక్‌తోని మాట్లాడు. నాతోని కాదు."

*

సోమవారం తెల్లవారి కాటమయ్య వంతెన దాటి వాగు పొంటి పైకి నడక మొదలుపెట్టాడు. కొన్ని తండాలకు బండి పోతుంది, కొన్నిటికి పోదు. ఆయన బండి తీయలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ వాగు లెక్క చెప్పినవాడు, దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కాలినడకన చూసింది ఎప్పుడూ లేదు.

పెద్దచెరువు మత్తడి ఇంకా సన్నగా దుంకుతోంది. దాని పక్క తండాలో నలుగురు పోగయ్యారు. విన్నారు. ఒకడు మధ్యలోనే లేచి ఉమ్మేసి పోయాడు. కొత్తకుంట తండాలో ఒక ముసలాయన, "దేవ్యా తాగిండన్నరు గద" అన్నాడు. "తాగలేదు. నేను దిగుమంటే దిగిండు" అని కాటమయ్య రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి మొదటిసారి కన్నా బరువుగా ఉంది. ఊరచెరువు దగ్గర అందరూ విన్నారు. చెప్పడం అయిపోయాక పండ్లు నిండిన తట్టలు సర్దుకుని, ఆయన షెడ్డు వైపు కాకుండా అటు పాలకుర్తి వైపు, దూరమైనా పెద్ద వంతెన ఉన్న దారిలో పోయారు. ఆయన చూస్తూ నిలబడ్డాడు. ఆ దారి రెండు గంటలు ఎక్కువ, కానీ సరైన దారి. ఆ మాట ఆయనే వాళ్లతో ఎన్నడో అనాల్సింది.

ప్రతి తండాలో చివర్న ఒకటే చెప్పాడు. "ఇగ వాన పడ్డ ఏడాదా, ఎండిన ఏడాదా అని చూడకుండ్రి. కాలువ నీళ్లు ఎప్పుడు ఏ చెరువుల ఉంటయో ఎవ్వరికి తెల్వది. నాకూ తెల్వది. గుట్ట మీద మబ్బు వడితే వాగు దిక్కు రాకుండ్రి. పండ్లు వోతే పోనియుండ్రి."

తుమ్మలకుంట దాటాక వాగు సన్నబడింది. నల్లచెరువు దాటాక రాళ్ల మధ్య సప్పుడు మాత్రమే మిగిలింది. పైకి పోయేకొద్దీ నీళ్లు తెల్లబడి, అరచేతితో ఆపగలిగేంతై, ఒక చోట రాతి చీలికలో చెమ్మగా మారాయి. ఇంత చెమ్మ కింద ఒడ్డు నుంచి ఒడ్డుదాకా వాగై మనిషిని మింగిందంటే, మధ్యలో ఎన్ని చోట్ల ఎన్ని నీళ్లు వచ్చి కలిశాయో కదా అనుకున్నాడు. ఆ లెక్క ఆయన ఎన్నడూ వేయలేదు. వచ్చే సమయమే చూశాడు.

పదకొండో తండా ఎర్రగుట్ట నెత్తి మీద, ఆ చదునుకు ఆనుకుని ఉంది. ఏడెనిమిది ఇళ్లు. జనమంతా పత్తి చేన్లకు పోయారు. ఒక ఇంటి ముందు జమున అనే ఆమె కందులు చెరుగుతోంది. ఆయన చెప్పులు విప్పి ఎదురుగా నిలబడి, మొదటి ఫోన్ నుంచి రెండో గుంతదాకా అంతా చెప్పాడు. పది తండాల్లో చెప్పింది కాబట్టి మాటలు వరుసగా వచ్చాయి. కానీ ఎర్ర నీళ్ల దగ్గర ప్రతిసారీ ఆగినట్టే ఇక్కడా ఆగాడు.

జమున చాట పక్కన పెట్టింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"గిది చెప్పనీకి గింత గుట్టెక్కినవా సేటూ? ఫోన్ జేస్తే అయిపోవు గద."

ఆయన చెంబు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. "ఫోన్ల చెప్పిన మాటే గదమ్మా దేవ్యాను వాగులకు దింపింది" అన్నాడు.

ఆమె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "నాకొక్కదానికి చెప్తే ఏమైతది? దేవ్యా మాకు చుట్టమే. మావోళ్లొచ్చినంక అందరి ముంగట చెప్పు. వాళ్లు తిడ్తరు. పడాలె."

"పడ్త."

"అట్లైతే కూసో."

కాటమయ్య నీళ్లు తాగి, చెంబు కడిగి ఇచ్చి, అరుగు మీద కూర్చున్నాడు. గుట్టకు ఉత్తరాన మబ్బు కమ్ముతోంది. చేన్లకు పోయినవాళ్లు రావడానికి ఇంకా మూడు గంటలుంది.